మా గైడ్‌ని మెంటరింగ్ అవార్డుకి నామినేట్ చేస్తున్నాం, లేఖలో ఏం రాయాలి?

కొత్తగా చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు చెన్నైలో పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నారు. మీ యూనివర్సిటీ రెండు అవార్డులకి నామినేషన్లు పిలిచింది. ఒకటి మంచి పరిశోధన చేసిన స్కాలర్లకి, ఇంకోటి స్కాలర్లని బాగా తీర్చిదిద్దిన ప్రొఫెసర్లకి. ల్యాబ్‌లో అందరూ కలిసి మీ గైడ్ మేడం పేరు పంపుదామనుకున్నారు, లేఖ రాసే పని మీ మీద పడింది. మేడం ఏమో మీ థీసిస్ పనిని మొదటి అవార్డుకి పంపమన్నారు. లేఖలో ఏం రాయాలి, అసలు ఈ అవార్డుల వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా అన్నది మీ సందేహం.

నేనూ చెన్నైలోనే పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు ఇక్కడే ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ స్కాలర్లని గైడ్ చేస్తున్నాను. మా సార్ కోసం ఇలాంటి లేఖ ఒకటి రాశాను. తర్వాత అలాంటి లేఖలు చదివి ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో కూడా కూర్చున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఉపయోగం సంగతి. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2018 రెగ్యులేషన్లలో టీచర్లకి రీసెర్చ్ స్కోర్ వేసే పట్టిక ఒకటుంది. ఒక స్కాలర్‌కి పీహెచ్‌డీ వస్తే గైడ్‌కి 10 పాయింట్లు, థీసిస్ సబ్మిట్ చేసిన దశలో ఉంటే 5. ఆ స్కాలర్ ఆ ఐదారేళ్ళు ఎలా గడిపాడన్నది ఆ పట్టికలో ఎక్కడా కనిపించదు. హాయిగా పని నేర్చుకుని పూర్తి చేసినా అదే 10, రోజూ ఏడుస్తూ పూర్తి చేసినా అదే 10. మధ్యలో మానేసి వెళ్ళిపోయినవాళ్ళు అసలు లెక్కలోకే రారు. అవార్డుల దగ్గరికొస్తే అంతర్జాతీయ అవార్డుకి 7, జాతీయ అవార్డుకి 5 ఉన్నాయి కానీ, ఒక యూనివర్సిటీ తన సొంత ప్రొఫెసర్‌కి ఇచ్చుకునే మెంటరింగ్ అవార్డుకి చోటు లేదు. కాబట్టి ఈ అవార్డు వల్ల మీ మేడంకి ప్రమోషన్‌లో పాయింట్లు కలుస్తాయని ఆశపడకండి.

అయినా సరే, తప్పకుండా రాయమనే చెబుతాను. ఎంతమందికి డిగ్రీ వచ్చిందో లెక్కపెట్టడానికి పట్టికలున్నాయి. వాళ్ళని ఎలా గైడ్ చేశారో అడిగే చోటు మాత్రం మన యూనివర్సిటీల్లో దాదాపు ఇదొక్కటే. క్లాసులో పాఠం బాగా చెప్పేవాళ్ళకి అవార్డులు ఎప్పటినుంచో ఉన్నాయి. మద్రాస్ ఐఐటీలో అన్నపూర్ణ గురునాథ్ గారి పేరిట ఉంది, బెంగళూరు ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ప్రీతి శంకర్ గారి పేరిట ఉంది. పాఠం చెప్పడం నలుగురి ముందు జరిగే పని, బాగుందో లేదో అందరికీ తెలుస్తుంది. గైడ్ చేయడం గది తలుపు వేసుకుని ఇద్దరి మధ్య జరిగే పని. మంచిగా జరిగినా తెలియదు, చెడ్డగా జరిగినా తెలియదు. అక్కడ ఏం జరిగిందో చెప్పగలిగింది స్కాలర్ ఒక్కరే. అందుకే మీ లేఖకి అంత విలువ.

ఇక లేఖ దగ్గరికి వద్దాం. కమిటీలో కూర్చుని చదువుతుంటే నాకు మొదట కనిపించింది ఏమిటంటే, లేఖలన్నీ ఒకేలా ఉంటాయి. ఎంతో ప్రోత్సహించారు, ఎప్పుడూ అండగా నిలిచారు, సొంత బిడ్డలా చూసుకున్నారు. రాసినవాళ్ళు మనస్ఫూర్తిగానే రాస్తారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ అవే మాటలు పక్క ఫైల్లోనూ ఉంటాయి, దాని పక్క ఫైల్లోనూ ఉంటాయి. అప్పుడు కమిటీ ఏం చేస్తుంది? పేపర్లు ఎన్ని, హెచ్-ఇండెక్స్ (పేపర్లని ఇతరులు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె) ఎంత, ఎంతమందికి డిగ్రీలు వచ్చాయి అని చూడటం మొదలుపెడుతుంది. అంటే మెంటరింగ్ అవార్డు కాస్తా ఇంకో రీసెర్చ్ అవార్డు అయిపోతుంది. దాన్ని ఆపగలిగేది మీ లేఖలో ఉండే సంఘటన మాత్రమే. మీ మేడం చేసిన ఒక పని, అది చేయకపోయి ఉంటే ఏమయ్యేదో చదివేవాళ్ళకి వెంటనే తట్టేటట్టు రాయాలి.

మా సార్ గురించి నేను రాసింది చెబుతాను. ఫెలోషిప్ సంగతి మీకు తెలిసిందే. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) కలిపి ఐదేళ్ళు. 2023 జనవరి నుంచి వాటిని వరసగా నెలకి 37,000, 42,000 రూపాయలు చేశారు, మంచిదే. కానీ యూజీసీ 2022 రూల్స్ ప్రకారం పీహెచ్‌డీకి గడువు ఆరేళ్ళు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళు. డబ్బు ఆగిపోయే రోజుకీ థీసిస్ పూర్తయ్యే రోజుకీ మధ్య ఆ ఖాళీలోనే చాలామంది కుంగిపోతారు. వేళచ్చేరిలో రూమ్ అద్దె ఆగదు, ఇంటి దగ్గర అమ్మానాన్నలకి చెప్పుకోలేరు. మా ల్యాబ్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఫర్నేస్ పాడైపోయి చాలాకాలం బాగుపడక, ఆయన పని బాగా వెనకబడింది. ఫెలోషిప్ ఆగడానికి ఇంకా చాలా టైముండగానే సార్ ఆయన్ని పిలిచి కూర్చోబెట్టారు. తెల్ల కాగితం మీద ఎడమ పక్క మిగిలిన చాప్టర్లు, కుడి పక్క నెలలు రాయించారు. డబ్బు ఏ నెలలో ఆగుతుందో అక్కడ ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీశారు. గీత దాటి కిందికి పోయిన ప్రయోగాలని ఒక్కొక్కటే చూసి, "ఇది లేకపోయినా నీ థీసిస్ నిలబడుతుంది" అంటూ రెండింటిని కొట్టేశారు. ఆ రెండు ప్రయోగాలూ జరిగి ఉంటే సార్‌కి ఇంకో పేపర్ వచ్చేది. అప్పటికీ గీత కింద మిగిలిన నెలలకి తన ప్రాజెక్టులో పోస్టు చూశారు. ఆ కాగితం చాలాకాలం సీనియర్ డెస్క్ మీద గోడకి అతికించి ఉండేది, మేమందరం చూశాం.

లేఖలో ఇదంతా ఒక్క పేరాలో రాశాను. "సార్ చాలా దయగలవారు" అని ఎక్కడా రాయలేదు. ఆ అవసరం రాలేదు.

మీరూ అలాగే వెతకండి. డీసీ మీటింగ్‌లో (మీ పని ఎంతవరకు వచ్చిందో చూసే డాక్టోరల్ కమిటీ) మిమ్మల్ని గట్టిగా నిలదీసినప్పుడు మేడం ఏం చేశారు? మీ తప్పని కప్పిపుచ్చారా, మీరే జవాబు చెప్పుకునే దాకా ఆగారా? ఒక అమ్మాయికి పెళ్ళై, బిడ్డ పుట్టినప్పుడు ఏం చేశారు? మహిళా స్కాలర్లకి యూజీసీ రూల్స్‌లో 240 రోజుల వరకు మాతృత్వ, శిశు సంరక్షణ సెలవు ఉంది, పూర్తి చేసే గడువులో అదనంగా రెండేళ్ళ సడలింపు ఉంది. ఆ రూల్ ఉందని ఆ అమ్మాయికి ముందుగా చెప్పింది ఎవరు? ఆఫీసులో ఫైల్ కదలకపోతే వెంటపడింది ఎవరు? పేపర్‌లో మొదటి పేరు ఎవరిదన్న గొడవ వస్తే ఎలా తేల్చారు? ఇలాంటివాటిలో ఒకటి రెండు చాలు. తేదీ, సందర్భం, ఆ తర్వాత ఏమైందో మూడూ ఉండాలి.

పేరు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. చెన్నైలో చదువుతున్నవాళ్ళకి ఇది తెలిసి ఉండటం మంచిది. 1942లో ఐఐఎస్‌సీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరిన జి.ఎన్. రామచంద్రన్‌ని సి.వి. రామన్ తన ఫిజిక్స్ విభాగంలోకి తీసుకున్నారు. ఆ రామచంద్రన్ 1952లో మద్రాస్ యూనివర్సిటీకి వచ్చి ఫిజిక్స్ విభాగాన్ని నడిపారు. ప్రోటీన్ల నిర్మాణం చదివే ప్రతి ఒక్కరూ ఈ రోజుకీ వాడే రామచంద్రన్ ప్లాట్ 1963లో అక్కడి నుంచే వచ్చింది. మనం ఒక్కరి పేరుతో పిలుస్తాం గానీ ఆ పేపర్ మీద మూడు పేర్లున్నాయి, మిగతా రెండూ ఆయన శిష్యులు రామకృష్ణన్, శశిశేఖరన్‌లవి. ఇద్దరూ తర్వాత ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్లయ్యారు. మన తెలుగువారు సూరి భగవంతం గారు కూడా రామన్ దగ్గర పనిచేసి ఎదిగినవారే, 1957 నుంచి 1962 దాకా ఐఐఎస్‌సీ డైరెక్టర్‌గా ఉన్నారు. ఒక గురువు దగ్గర నుంచి ఇలా తరాలు కదలడం చూస్తే నాకు నిజంగా ఒళ్ళు పులకరిస్తుంది.

కానీ కమిటీలో కూర్చున్నాక ఒక విషయం గట్టిగా అనిపించింది. పెద్ద పదవులకి వెళ్ళిన శిష్యుల జాబితా చూసి గైడ్ గొప్పతనం తేల్చేస్తే సగమే చూసినట్టు. చురుకైన విద్యార్థి ఎవరి దగ్గరైనా ఎంతో కొంత పైకి వస్తాడు. తడబడినవాడిని, మధ్యలో ఆగిపోయినవాడిని ఆ గైడ్ ఎలా చూశారన్నది అసలు పరీక్ష. మేం చదివిన ఒక ఫైల్లో పీహెచ్‌డీ పూర్తి చేయకుండా వెళ్ళిపోయిన ఒకరి లేఖ ఉంది. ఇంటి పరిస్థితుల వల్ల ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. గైడ్ ఆ మనిషిని ఒక్క మాట అనలేదు. చేసిన పని వృథా కాకుండా పేపర్‌గా పూర్తి చేయించి, మొదటి పేరు ఆ వెళ్ళిపోయిన వ్యక్తిదే ఉంచారు. ఉద్యోగానికి రికమెండేషన్ కూడా తనే రాశారు. ఆ లేఖ చిన్నది, ఇంగ్లిష్ కూడా అంత గొప్పగా లేదు. చదివాక కమిటీలో చర్చ నడిచిన తీరే మారిపోయింది.

అందుకని ఎవరి చేత రాయించాలన్నది కూడా ఆలోచించండి. నేచర్ పత్రిక 2005లో మెంటరింగ్ అవార్డులు మొదలుపెట్టినప్పుడు, ఆ ప్రొఫెసర్ దగ్గర వేర్వేరు కాలాల్లో పనిచేసిన ఐదుగురు కలిసి నామినేట్ చేయాలని పెట్టింది. మంచి పద్ధతి. మీ యూనివర్సిటీ అడగకపోయినా మీరు అదే పాటించండి. ఒకరు మేడం మొదటి బ్యాచ్ నుంచి, ఒకరు మధ్యలో నుంచి, ఒకరు ఇండస్ట్రీకి వెళ్ళినవాళ్ళు, కుదిరితే మానేసినవాళ్ళు ఒకరు. ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్నవాళ్ళ లేఖలు ఎన్ని పెట్టినా కమిటీ వాటిని కొంచెం తగ్గించే చూస్తుంది. కారణం మీకూ తెలుసు. రేపు మీ సినాప్సిస్ (థీసిస్‌కి ముందు ఇచ్చే సారాంశం) మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే. మీరు నిజమే రాసినా, స్వేచ్ఛగా రాశారని బయటివాళ్ళకి ఎలా నమ్మకం కుదురుతుంది? పాత స్కాలర్లకి ఆ బంధనం లేదు. వాళ్ళ లేఖలు మేడం చేతి మీదుగా కాకుండా నేరుగా డీన్ ఆఫీసు మెయిల్‌కి వెళ్ళేలా చూడండి. ల్యాబ్‌లో ఎవరికైనా లేఖ రాయడం ఇష్టం లేకపోతే వదిలేయండి, ఎందుకని అడగకండి. ఆ మాట ల్యాబ్‌లో అందరికీ ముందే స్పష్టంగా చెప్పండి.

మీ సొంత నామినేషన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బెంగళూరులో ఐఐఎస్‌సీ అయినా, ఇక్కడ మీ యూనివర్సిటీ అయినా, బెస్ట్ థీసిస్ లాంటి అవార్డుల్లో తేలేది ఒకే విషయం: ఇందులో మీరు చేసిందేమిటి, గ్రూప్ చేసిందేమిటి. నా సినాప్సిస్ డ్రాఫ్ట్‌లో సార్ పెన్సిల్‌తో గీతలు గీసి, ప్రతి గీత పక్కనా "ఎవరు చేశారు?" అని రాసి పంపారు. ఒక కొలత పక్క ల్యాబ్‌వాళ్ళది, ఒక మోడల్ మా సీనియర్‌ది, మిగతాది నాది. అలా విడదీసి రాశాక నా పని చిన్నదైపోతుందేమో అని టెన్షన్ పడ్డాను గానీ, చదివేవాళ్ళకి అప్పుడే అది స్పష్టంగా కనిపించింది. మీరు కూడా అలా విడదీయండి. మొదటి పేజీ వేరే విభాగం ప్రొఫెసర్‌కి అర్థం కావాలి, ఎందుకంటే కమిటీలో మీ సబ్జెక్ట్ తెలిసినవాళ్ళు ఒక్కరు ఉంటే ఎక్కువ. పేపర్లు వచ్చిన పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్లన్నీ (పత్రిక స్థాయికి వేసే అంకెలు) కూడి చూపించకండి. థీసిస్ ఇప్పటికే మూల్యాంకనం అయిపోయిన సీనియర్లకైతే ఒక మాట: ఎక్స్‌టెర్నల్ ఎగ్జామినర్ల రిపోర్టులు తప్పకుండా జతచేయండి. వాళ్ళు మీ యూనివర్సిటీ మనుషులు కారు, అందుకే వాళ్ళు రాసిన రెండు వాక్యాలు మీరు రాసుకున్న రెండు పేజీల కంటే ఎక్కువ పనిచేస్తాయి.

ఒకే ఏడాది మేడంకీ, మీకూ ఇద్దరికీ నామినేషన్ వెళ్తే ఇబ్బందా అని కూడా మీకు అనుమానం రావచ్చు. రెండింటినీ చూసే కమిటీ ఒకటే అయితే, మేడం ఫైల్లో ప్రధాన లేఖ మీది కాకుండా పాత స్కాలర్ ఒకరిది ఉండేలా చూసుకోండి. మీరు వెనక ఉండి లేఖలు సేకరించండి, అది చాలు.

ఈ వారంలోనే మొదలుపెట్టండి. ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు రాస్తామంటారు గానీ గుర్తుచేస్తే తప్ప రాయరు. ముందు మీ ల్యాబ్ నుంచి మానేసి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి ఫోన్ చేయండి. మెయిల్ కాదు, ఫోనే. డ్రాఫ్ట్ అయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెడితే చదివి, ఎక్కడ సంఘటన సరిపోలేదో చెబుతాను.