బెంగళూరులో అమ్మాయిలకు క్రైస్తవ స్కౌటింగ్: సమాధానం

సోదరీ, వందనాలు. బైబిలు బోధతో పాటు గుడారం వేయడం, ముడులు, ప్రథమ చికిత్స నేర్పే దళం మీ పదకొండేళ్ల అమ్మాయికి బెంగళూరులో దొరుకుతుందా, లేకుంటే అమెరికన్ హెరిటేజ్ గర్ల్స్‌లో చేర్పించవచ్చా అని అడిగారు. అది 1995లో అమెరికాలోని ఒహాయోలో పుట్టిన క్రైస్తవ బాలికల స్కౌటింగ్ సంస్థ. అయితే ఈ వయసు పిల్లలకు తోటివారితో కలిసి చేసే పనే ప్రాణం కాబట్టి, దగ్గరలో దాని దళం లేకపోతే అందులో పేరు నమోదు చేయించమని నేను చెప్పను.

ముందుగా సెవెంత్ డే అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ సంఘం వారి పాత్‌ఫైండర్ క్లబ్ గురించి విచారించండి. ఇందులో 10 నుంచి 15 ఏళ్ల బాలబాలికలు కలిసి కవాతు, శిబిరాలు, సేవాకార్యాలు చేస్తూ, ప్రకృతి పరిశీలన మొదలు వంట వరకు ఒక్కొక్క అంశంలో బ్యాడ్జీలు సంపాదిస్తారు. ఇతర సంఘాల పిల్లలకూ ప్రవేశం ఉంటుంది. దూరవాణినగర్‌లోని లౌరీ కళాశాల ఆ సంఘానిదే గనుక అక్కడ అడిగితే దారి తెలుస్తుంది. వారు శనివారాన్ని విశ్రాంతిదినంగా ఆచరిస్తారు. మీ ఇంటి విశ్వాసానికీ వారి బోధకూ తేడా ఉన్నచోట అమ్మాయితో ముందే మాట్లాడడం తల్లిగా మీ బాధ్యతేనని నా దృఢమైన అభిప్రాయం.

అమ్మాయిలకు మాత్రమే కావాలంటే, 1893లో డబ్లిన్‌లో మొదలైన గర్ల్స్ బ్రిగేడ్ అనే క్రైస్తవ బాలికల సంస్థ పద్ధతి గురించి మీ పాస్టరు గారితో చర్చించండి. సమయం ఇవ్వగల స్త్రీలు ముందుకొస్తే సంఘంలోనే దళం నిలబడుతుంది. బడిలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఉంటే అదీ మంచిదే. అది మతబోధ చేయదు గానీ, దాని ప్రతిజ్ఞలో దేవుని పట్ల కర్తవ్యం ఉంది.

ఎక్కడ చేర్చినా, రాత్రి శిబిరాలలో పిల్లలతో ఉండే స్త్రీలు ఎవరో, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చునో లేదో ముందే అడిగి తెలుసుకోండి.