ఇంట్లో దొరికిన ట్యాగ్ హాల్లో ఎందుకు దొరకడం లేదు?

మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది. 2024-25 సీజన్‌లో నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని కనపడినవాళ్ళందరినీ అడిగాను. మీ పరిస్థితి ఇదీ: ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే స్కూలు పిల్లల రోబో పోటీ)కి వెళ్తున్న స్కూల్ టీమ్, రోబోని నడిపే పెట్టె, అంటే కంట్రోల్ హబ్‌కి లాజిటెక్ సీ270 వెబ్‌క్యామ్ తగిలించారు. ఇంట్లో ఏప్రిల్‌ట్యాగ్‌ని (కెమెరా చూసి దూరం, దిశ లెక్కకట్టే నలుపు తెలుపు గడుల గుర్తు) చూపించడం ఆలస్యం, పట్టేస్తోంది. ప్రాక్టీస్ మ్యాచ్‌కని వేరే హాల్‌కి తీసుకెళ్తే ఓసారి పడుతుంది, ఓసారి పట్టదు, పట్టినా దూరం తప్పు చెబుతోంది. లైమ్‌లైట్ (బొమ్మ లెక్కలు తనలోనే చేసుకునే కెమెరా) కొనాలా, లేక సాఫ్ట్‌వేర్ మార్చాలా అన్నది మీ సందేహం.

ప్రస్తుతానికి రెండూ వద్దు. మీ సాఫ్ట్‌వేర్ బాగానే ఉందని నా అనుమానం. కెమెరాకి వదిలేసిన "ఆటో" సెట్టింగులే మిమ్మల్ని ముంచుతున్నాయి.

నేను ఉద్యోగరీత్యా ఎంబెడెడ్ కోడ్, అంటే పరికరాల లోపల నడిచే కోడ్, రాస్తాను. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా అమ్మాయి టీమ్ ప్రాక్టీస్ చేస్తుంది. నన్ను మెంటర్ అంటారు గానీ, కారు బయటపెట్టి చోటిచ్చేవాణ్ణి, సమోసాలు తెచ్చేవాణ్ణి అంటే ఇంకా నిజం.

ఆ సెల్లార్‌లో ఓ వింత జరిగేది. సాయంత్రమంతా రోబో ట్యాగ్‌ని చూసి బుద్ధిగా వెళ్ళి ఆగేది. రాత్రి తొమ్మిది దాటాక పిచ్చిపట్టినట్టు చేసేది. పిల్లలు ఆ రోజు రాసిన కోడంతా వెనక్కి తీసేశారు, అయినా అంతే. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ మామూలే. మూడో రోజుకి మా అమ్మాయికి తట్టింది: తొమ్మిదింటికి వాచ్‌మన్ వచ్చి సెల్లార్‌లో సగం ట్యూబ్‌లైట్లు ఆపేసి వెళ్తున్నాడు! వెలుతురు తగ్గగానే కెమెరా తనంతట తానే ఎక్స్‌పోజర్ సమయం, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు పట్టే సేపు, పెంచుకుంటోంది. రోబో నిలబడి ఉంటే ఇబ్బంది లేదు, కదిలితే మాత్రం ట్యాగ్ అలుక్కుపోయినట్టు వస్తోంది. మా కళ్ళకి మాత్రం స్క్రీన్ మీద బొమ్మ బ్రహ్మాండంగా ఉంది.

మీ హాల్లో ఇదే తిరగబడి ఉండొచ్చు. ట్యాగ్ వెనక పెద్ద కిటికీయో, తెరిచిన షట్టరో ఉంటే కెమెరా ఆ వెలుగుని చూసి మొత్తం ఫ్రేమ్‌ని చీకటి చేస్తుంది. ట్యాగ్‌లో తెల్ల గడులు కూడా బూడిదరంగులోకి దిగిపోతాయి. ఏప్రిల్‌ట్యాగ్‌కి రంగుతో పనిలేదు, నలుపూ తెలుపూ మధ్య తేడా ఉంటే చాలు. మిషిగన్ యూనివర్సిటీలో ఎడ్విన్ ఓల్సన్ 2011లో దీన్ని ప్రకటించారు. మనం వాడే 36హెచ్11 రకంలో మధ్యన ఆరు బై ఆరు గడులు, చుట్టూ ఒక నల్ల గడి అంచు, దాని చుట్టూ తెల్ల అంచు ఉంటాయి. ముందు ఆ నల్ల చతురస్రం అంచులు దొరకాలి. ఆ తర్వాతే లోపలి గడులు చదివి ఇది ఫలానా నంబరు అని చెబుతుంది. అంచు అలుక్కుపోతే కథ అక్కడితో ఆగిపోతుంది.

కాబట్టి మొదటి పని, ఎక్స్‌పోజర్‌ని మాన్యువల్‌లో పెట్టి బిగించేయడం. ఎస్‌డీకే (ఎఫ్‌టీసీ రోబోలకి కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ కిట్)తో వచ్చే శాంపిల్స్‌లో ఏప్రిల్‌ట్యాగ్ ఎక్స్‌పోజర్ సరిచూసుకోవడానికే ఒకటి ఉంది, పేరులోనే "ఆప్టిమైజ్ ఎక్స్‌పోజర్" అని ఉంటుంది. గేమ్‌ప్యాడ్ బటన్లతో ఎక్స్‌పోజర్, గెయిన్ (అందిన వెలుతురుని ఎంత పెంచి చూపాలన్న విలువ) పెంచుతూ తగ్గిస్తూ ట్యాగ్ ఎక్కడ నిలకడగా దొరుకుతోందో చూసుకోవచ్చు. ట్యాగ్ దగ్గరికి నడిపించే శాంపిల్‌లో 6 మిల్లీసెకన్లు, గెయిన్ 250 అని ఇచ్చారు. పద్ధతి సరైనదే: ఎక్స్‌పోజర్ తగ్గించు, పోయిన వెలుతురుని గెయిన్‌తో పూడ్చుకో. బొమ్మ మీద చుక్కలు చుక్కలుగా వస్తుంది, రానివ్వండి. ట్యాగ్ చదవడానికి చుక్కలు అడ్డు కావు, అలుకుడే అడ్డు.

ఇక్కడ మా వాళ్ళు పడ్డ గుంట ఒకటి చెప్పాలి. కోడ్‌లో కెమెరాని నడిపే విజన్ పోర్టల్ తయారుచేసిన మరుక్షణమే ఎక్స్‌పోజర్ సెట్ చేయాలని చూస్తే కుదరదు. కెమెరా స్థితి "స్ట్రీమింగ్"కి వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత మోడ్‌ని మాన్యువల్‌కి మార్చి, క్షణం ఆగి, అప్పుడు విలువ ఇవ్వాలి. మా కోడ్‌లో ఆ ఆగడం లేదు. సెట్ చేశామని మేం అనుకుంటున్నాం, కెమెరా మాత్రం ఆటోలోనే ఉంది. సెట్ చేశాక ఆ విలువని తిరిగి చదివి టెలిమెట్రీలో, అంటే డ్రైవర్ దగ్గరి స్క్రీన్ మీద, చూపించండి. ఆ ఒక్క వరుస మాకు వారం రోజులు మిగిల్చేది.

ఇంకో సంగతి, ఇది శాంపిల్ కోడ్‌లో కనిపించదు. మన కరెంటు 50 హెర్ట్జ్. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. అంటే ఒక్కో దఫా 10 మిల్లీసెకన్లు. మీరు 6 పెడితే ఒక ఫ్రేమ్‌కి వెలుగు పూర్తిగా అందుతుంది, ఇంకో ఫ్రేమ్‌కి సగమే. పైగా ఇలాంటి వెబ్‌క్యామ్‌లు బొమ్మని వరుసలు వరుసలుగా తీస్తాయి కాబట్టి అడ్డంగా నీడ పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. "ఓసారి పడుతుంది, ఓసారి పట్టదు" అని మీరు రాయగానే నాకు తట్టింది ఇదే. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి ఆ లైట్లని వీడియో తీయండి. మిణుకుమంటుంటే ఎక్స్‌పోజర్ 10కి మార్చండి, ఒక దఫా పూర్తిగా పడుతుంది కాబట్టి పట్టీలు పోతాయి. అమెరికాలో 60 హెర్ట్జ్, అక్కడి లెక్క 8.3. అక్కడి టీమ్‌ల అంకెలు మక్కీకి మక్కీ దించుకుంటే ఇక్కడ పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

10 అంటే అలుకుడు కొంచెం పెరుగుతుంది. రోబో సెకనుకి 90 డిగ్రీల వేగంతో తిరుగుతుంటే ఆ 10 మిల్లీసెకన్లలో దాదాపు ఒక డిగ్రీ తిరిగినట్టు. సీ270తో 640 బై 480లో అది పన్నెండు, పదమూడు పిక్సెళ్ళు. దూరంగా ఉన్న ట్యాగ్‌లో ఒక్కో గడికి అన్ని పిక్సెళ్ళే ఉండవు. అందుకే మేం ట్యాగ్ కోసం చూసేటప్పుడు రోబోని నిదానంగా తిప్పుతాం. ఆటోనమస్‌లో (డ్రైవర్ లేకుండా రోబో తనంతట తాను నడిచే భాగం) ఉన్నవే 30 సెకన్లు, అందులో ఒక సెకను ఇక్కడ పోతుంది, పోనీండి.

ఇప్పుడు దూరం తప్పు రావడం గురించి. ముందు స్కేలు తీసుకుని మీ ట్యాగ్ కొలవండి. తెల్ల అంచు కాదు, నల్ల అంచు బయటి కొస నుంచి కొస దాకా. 2024-25 సీజన్ ఆట ఇంటు ద డీప్‌లో ట్యాగ్ 4 అంగుళాలు. మేం వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాం. పీడీఎఫ్ అమెరికన్ లెటర్ సైజులో ఉంది, షాపులో కాగితం ఏ4. ఆయన అలవాటు ప్రకారం "ఫిట్ టు పేజ్" కొట్టాడు. ట్యాగ్ పావు తక్కువ నాలుగు అంగుళాలకి కుదించుకుపోయింది. సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలియదు, దాని లెక్కలో ట్యాగ్ నాలుగే. ట్యాగ్ చిన్నగా కనిపిస్తే దూరంగా ఉందనుకుంటుంది. 12 అంగుళాల దూరంలో ఆగమంటే పదకొండుంపావు దగ్గర ఆగేది. ముప్పావు అంగుళమే కదా అనుకుంటాం, చాచిన ఆర్మ్ వెళ్ళి గోడకి కొట్టుకునేది. పిల్లలు కోడ్‌లో ఆ ముప్పావు కలిపేసి చేతులు దులుపుకున్నారు. అసలు ఫీల్డ్ మీదికి వెళ్ళాక, అక్కడి ట్యాగ్ సరైన సైజులో ఉండేసరికి, ఆ ముప్పావు అటువైపు తప్పైంది! మీకు ఇంట్లో ఒకలా, హాల్లో ఒకలా దూరం రావడానికి బహుశా ఇదే కారణం. ప్రింట్ తీయించేటప్పుడు "యాక్చువల్ సైజ్" అని చెప్పి, షాపులోనే కొలిచి తీసుకోండి.

ఆ కాగితం పాడవకూడదని ఎవరో లామినేట్ చేయిద్దామంటారు. చేయించకండి. మెరిసే ప్లాస్టిక్ మీద ట్యూబ్‌లైట్ పడి రెండు నల్ల గడులు తెల్లగా మెరిస్తే ట్యాగ్ మాయం. మామూలు కాగితాన్నే సన్‌బోర్డ్ మీద ముడత లేకుండా అతికించండి, తెల్ల అంచు కత్తిరించకండి.

కెమెరా బిగింపు కూడా చూసుకోండి. మాది మొదట డబుల్ టేప్ మీదే నిలబడింది. ఒక్క డిగ్రీ వాలితే అయిదడుగుల దూరంలో ఒక అంగుళం తేడా. తర్వాత మరలతో బిగించాం. యూఎస్‌బీ వైరుని జిప్ టైతో ఫ్రేమ్‌కి కట్టేశాం, రోబో గుద్దుకున్నప్పుడల్లా అదే ఊడొచ్చేది.

ఎక్స్‌పోజర్ కాక సాఫ్ట్‌వేర్ వైపు సవరించుకోవాల్సినవి రెండే. ఒకటి డెసిమేషన్, అంటే ట్యాగ్ వెతికే ముందు బొమ్మని ఎన్ని రెట్లు కుదించాలన్నది. శాంపిల్‌లోనే అంకెలు రాసి ఉన్నాయి: 2 అంగుళాల ట్యాగ్‌ని డెసిమేషన్ 3తో 4 అడుగుల నుంచి సెకనుకి 30 ఫ్రేములు, 2తో 6 అడుగుల నుంచి 22, 1తో 10 అడుగుల నుంచి 10. నడుస్తుండగానే మార్చుకోవచ్చు. దూరంగా ఉన్నప్పుడు 2, దగ్గరికొచ్చాక 3 అని మేం పెట్టుకున్నాం. సీ270కి 640 బై 480 కాలిబ్రేషన్ (దూరం లెక్కకి కావలసిన లెన్స్ కొలతలు) ఎస్‌డీకేలోనే ఉంది, ఆ రిజల్యూషన్ వదలకండి. లాజిటెక్ సీ920 వాడే టీమ్‌లు ఆటోఫోకస్‌ని కూడా బిగించాలి. సీ270కి ఆ గొడవ లేదు, దాని ఫోకస్ కదలదు.

రెండోది పాత సమాచారం. మా కుర్రాడొకడు, చాలా తెలివైనవాడు, ట్యాగ్ మధ్యలో తప్పిపోయినా రోబో ఆగకుండా చివరిసారి చూసిన దూరాన్ని దాచి వాడేలా రాశాడు. ఓ ఆదివారం ట్యాగ్‌కీ రోబోకీ మధ్య ఎవరో నడిచారు. రోబో మాత్రం ఇంకా 40 అంగుళాలు ఉందన్న నమ్మకంతో వెళ్ళి సెల్లార్ పిల్లర్‌ని గుద్దింది. "అంకుల్, పిల్లర్‌కి ఏం కాలేదు" అన్నాడు వాడు ముందుగా! కొత్త ఫ్రేమ్ వస్తేనే ఫలితం ఇచ్చే "గెట్ ఫ్రెష్ డిటెక్షన్స్" వాడండి. పావు సెకను దాకా ఏమీ రాకపోతే మోటార్లు సున్నా చేయండి.

లైమ్‌లైట్ సంగతి. లైమ్‌లైట్ 3ఏ ఎఫ్‌టీసీని దృష్టిలో పెట్టుకునే చేశారు, యూఎస్‌బీతో తగిలిస్తే చాలు, బొమ్మ లెక్కలన్నీ అదే చూసుకుంటుంది కాబట్టి కంట్రోల్ హబ్‌కి భారం తగ్గుతుంది. మంచి వస్తువే. కానీ దానిలోనూ ఎక్స్‌పోజర్ మీరే పెట్టాలి, దాని ముందు కూడా ట్యాగ్ సైజు తప్పైతే దూరం తప్పే. సీ270తో నిలకడగా వచ్చాక, ఇంకా వేగం కావాలనుకుంటే అప్పుడు కొనండి. మా వాళ్ళు ఆ డబ్బుతో స్పేర్ సర్వో మోటార్లు కొన్నారు, కొన్నందుకు ఒక్కసారి కూడా బాధపడలేదు.

పోటీ రోజు పొద్దున ఫీల్డ్ దగ్గరికి వెళ్ళనిచ్చే సమయం తక్కువే ఉంటుంది. దాన్ని డ్రైవింగ్ ప్రాక్టీస్‌కి ఖర్చుపెట్టకండి. రోబోని స్టార్టింగ్ పొజిషన్‌లో పెట్టి, ఇనిట్ నొక్కి, స్టార్ట్ నొక్కకుండా డ్రైవర్ స్టేషన్ (డ్రైవర్ దగ్గరుండే స్క్రీన్ పరికరం) మెనూలో కెమెరా స్ట్రీమ్ తెరవండి. స్క్రీన్ మీద వేలు పెట్టినప్పుడల్లా కొత్త బొమ్మ వస్తుంది. ట్యాగ్‌లో తెలుపు తెలుపుగా, నలుపు నలుపుగా ఉందా, అడ్డ పట్టీలు ఉన్నాయా చూడండి. ఎక్స్‌పోజర్, గెయిన్ విలువలు కోడ్ పైభాగంలోనే రెండు వరుసల్లో పెట్టుకుంటే అక్కడికక్కడే మార్చుకోవచ్చు. మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే భోజనాల తర్వాత మళ్ళీ ఒకసారి చూడండి. పడమటి కిటికీలున్న హాల్లో పొద్దున పెట్టిన అంకె మూడింటికి పనికిరాలేదు మాకు.