టెక్ సందేహాలు: సిమ్ మోడెమ్‌కి ఏ మోడ్ పెట్టాలి?

ప్రశ్న: విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర మాకో చిన్న కోల్డ్ రూమ్ ఉంది. టెంపరేచర్ కంట్రోలర్‌కున్న ఆర్ఎస్-485 (డేటా కేబుల్) పోర్టుకి 4జీ మోడెమ్ తగిలించాం. అందులో టీసీపీ సర్వర్, టీసీపీ క్లయింట్, యూడీపీ, ఎంక్యూటీటీ, ఎస్సెమ్మెస్ అని మోడ్‌లున్నాయి. సర్వర్ మోడ్ పెట్టి, అది చూపించిన ఐపీ అడ్రస్‌కి గాజువాకలోని ఇంటి నుంచి ప్రయత్నిస్తే పలకడం లేదు. సిమ్‌లో నెట్ బాగానే వస్తోంది. తప్పెక్కడ?

జవాబు: మోడెమ్ బాగానే ఉంది, మోడే కుదరలేదు. ఆ ఐపీ 10తో మొదలైనా, 100.64-100.127 మధ్య ఉన్నా అది ఆపరేటర్ లోపలి అడ్రస్. లోపల్నుంచి బయటికి దారి ఉంటుంది గానీ బయట్నుంచి లోపలికి ఉండదు. పబ్లిక్ స్టాటిక్ ఐపీ (బయటికి కనిపించే, మారని అడ్రస్) ఉన్న సిమ్ కొంటే పలుకుతుంది. కానీ అప్పుడు మోడెమ్ ఊరందరికీ తలుపు తీసి పెట్టినట్టే, కంట్రోలర్ మాట్లాడే భాష మోడ్‌బస్‌కి పాస్‌వర్డన్నదే లేదు.

కాబట్టి కనెక్షన్ మోడెమే మొదలుపెట్టాలి. పబ్లిక్ ఐపీ ఉన్న సర్వర్ మీకుంటే టీసీపీ క్లయింట్ చాలు. హార్ట్‌బీట్ (లైన్ బతికే ఉందని పంపే చిన్న సంకేతం) 60 సెకన్లు పెట్టండి. లేదంటే ఖాళీగా ఉన్న లైన్‌ని నెట్‌వర్క్ చడీచప్పుడు లేకుండా తెంపేస్తుంది, మోడెమ్ మాత్రం కనెక్టయ్యే ఉన్నాననుకుంటుంది. కంట్రోలర్‌ని అడిగే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో మోడ్‌బస్ టైమవుట్ (జవాబు కోసం ఆగే సమయం) 1 సెకను ఉంటే 3 నుంచి 5కి పెంచండి.

సొంత సర్వర్ లేకపోతే ఎంక్యూటీటీ. మోడెమూ, మీ ఫోనూ రెండూ మధ్యలోని బ్రోకర్‌కే (మెసేజీలు అందుకుని పంచే సర్వర్) కనెక్టవుతాయి. మీ అవసరానికి నా ఓటు దీనికే. బ్రోకర్ పోర్టు నంబరు 8883, టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) ఆన్, కీప్ అలైవ్ (ఇదీ హార్ట్‌బీట్ లాంటిదే) 60 సెకన్లు, క్యూఓఎస్ 1 (మెసేజ్ కనీసం ఒక్కసారైనా చేరేలా). రెండో మోడెమ్ కొంటే క్లయింట్ ఐడీ వేరే ఇవ్వండి. ఒకటే అయితే ఒకదాన్నొకటి గెంటేసుకుంటూ ఉంటాయి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: అడగందే మోడ్‌బస్ కంట్రోలర్ నోరు విప్పదు. మోడ్ మార్చినంత మాత్రాన రీడింగులు రావు. మోడెమ్‌లోనే పోలింగ్ (పదేపదే అడగడం) ఆన్ చేసి స్లేవ్ ఐడీ (కంట్రోలర్ నంబరు), రిజిస్టర్ నంబరు (రీడింగ్ ఉండే చోటు), 60 సెకన్ల విరామం ఇవ్వాలి. ఆ సౌకర్యం లేని మోడెమ్ అయితే మళ్లీ టీసీపీ క్లయింట్ మోడే గతి, అందులో అడిగే పని సర్వర్‌ది. మెసేజీకి 300 బైట్లు వేసుకున్నా నెలకి సుమారు 13 ఎంబీయే.

యూడీపీ జోలికి పోవద్దు, ప్యాకెట్ పోయినా చెప్పదు. ఎస్సెమ్మెస్ అలారమ్‌కి ఉంచుకోండి. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు, తెలుగులో 70. అంకెలు 13 ఉన్న ఎం2ఎం (యంత్రాల కోసమిచ్చే) సిమ్ అయితే ముందే నమోదు చేసిన నంబర్లకే మెసేజ్ వెళ్తుంది.

కోల్డ్ రూమ్ రేకు గోడల లోపల యాంటెన్నా పెట్టకండి. బయటికి లాగి, సీఎస్‌క్యూ (మోడెమ్ చూపించే సిగ్నల్ బలం) 15 పైన ఉండేట్టు చూడండి. హార్బర్ ఉప్పుగాలికి కనెక్టర్ తుప్పు పడుతుంది, జాయింట్‌కి వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టండి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ కొట్టినప్పుడు ఊళ్లో సెల్ సిగ్నల్ లేని రోజులు గుర్తున్నాయిగా? కంట్రోలర్ అలారమ్ రిలేకి ఒక హూటర్ నేరుగా కట్టించండి. దానికి సిమ్‌తో పని లేదు.