పల్లాస్ కొండల్లో ఒక రోజు నడకకు వెళ్లబోయే అమ్మాయికి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

సెప్టెంబరు రెండో వారంలో మీరు నలుగురు స్నేహితులు కలిసి ఉత్తర ఫిన్లాండ్‌లోని లాప్లాండ్ వెళ్లి, పల్లాస్ కొండల్లో తైవస్కెరో శిఖరాన్ని ఒక్క రోజులో చుట్టి రావాలనుకుంటున్నట్లు రాశావు. చాలా సంతోషం. ఆకులు రంగు మారే ఆ కొద్ది రోజుల్లో అక్కడ నడవడం కన్నా మంచి పని ఫిన్లాండ్‌లో మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం. దోమలు కూడా అప్పటికి దాదాపుగా పోతాయి. అయితే నీ ఉత్తరంలో ‘ఎనిమిది వందల మీటర్లే కదా పెద్దమ్మా, అలిపిరి మెట్లెక్కిన వాళ్లం’ అన్న మాట చూసి, ఈ జవాబు కొంచెం వివరంగానే రాయాలనిపించింది.

తైవస్కెరో ఎత్తు 807 మీటర్లు, తిరుమల కన్నా కాస్త తక్కువే. కారు దిగే చోటు అప్పటికే కొండ మీద ఉంటుంది కాబట్టి మీరు కాళ్లతో ఎక్కవలసింది ఇంకా తక్కువ. కానీ అలిపిరి దారిలో తలపైన కప్పు ఉంటుంది, అడుగడుగునా నీళ్లు, అంగళ్లు, మనుషులు ఉంటారు. ఇక్కడ మీరు ఆర్కిటిక్ వృత్తం దాటి, 68 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంటారు. స్ప్రూస్, పైన్ అడవిలో మొదలైన నడక కాసేపటికి వంకర తిరిగిన పొట్టి బర్చ్ చెట్ల మధ్యకు వస్తుంది, ఆ తరువాత అవి కూడా ఆగిపోయి, రాయీ నాచూ తప్ప చాటు అనేదే లేని బోడి కొండ మిగులుతుంది. అక్కడి గాలికి ఎత్తుతో పని లేదు. కింద చొక్కా మీద నడిచిన మనిషికి పైన అరగంటలో పళ్లు కటకటలాడతాయి, సెప్టెంబరులోనే మంచు పడినా ఆశ్చర్యపోనక్కరలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్ కోసం ఇదే శిఖరం మీద, వేసవిలో అర్ధరాత్రి కూడా అస్తమించని సూర్యుడి వెలుగుతో జ్యోతి వెలిగించారని చదివి ఉంటావు. అది జూలై సంగతి. మీరు వెళ్లే వేళకు వారం తిరిగేసరికి పగలు ముప్పావు గంటకు పైగా తగ్గిపోతూ ఉంటుంది.

అందువల్ల ఈ నడకను కిలోమీటర్లతో కాక గంటలతో లెక్క వేసుకోండి. ఆ చుట్టుదారి తొమ్మిది కిలోమీటర్లే అయినా, ఊరి రోడ్డు మీద నడిచే వేగం రాళ్ల మీద రాదు. గంటకు రెండు, రెండున్నర కిలోమీటర్లు నడిస్తే చాలనుకోండి. ఉదయం తొమ్మిదికల్లా బయలుదేరి, మధ్యాహ్నం ఒంటిగంటకు శిఖరం చేరకపోతే వచ్చిన దారినే వెనక్కి తిరగాలని ముందు రోజు రాత్రే నలుగురూ కూర్చుని ఒప్పుకోండి. కొండ మీద, శిఖరం కనిపిస్తూ ఉండగా ఆ నిర్ణయం ఎవరూ తీసుకోలేరు. ‘ఇంకొంచెమే కదా’ అనే మాటే అందరి నోటా వస్తుంది. నలుగురిలో ఎవరు నెమ్మదిగా నడుస్తారో వాళ్లను ముందు నడవనివ్వండి, ఆ నడకే అందరి నడక కావాలి.

దుస్తుల విషయంలో నా మాట తప్పక వినాలి. జీన్స్, నూలు బనియన్లు గదిలోనే వదిలేయండి. నూలు చెమటనూ వాననూ పీల్చుకుని ఆరదు, ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. ఒంటిని ఆనుకుని పల్చటి ఉన్ని, దాని మీద ఒక వెచ్చటి పొర, అన్నిటి పైన గాలినీ వాననూ ఆపే జాకెట్ ఉండాలి. టోపీ, చేతి తొడుగులు ఎండ కాస్తున్నా సంచిలో ఉండాలి. ఎక్కుడు మొదలు కాకముందే, ఇంకా కొంచెం చలిగా ఉండగానే ఒక పొర విప్పేయండి, చెమట పట్టాక విప్పితే ఆలస్యమైనట్లే. ఆగిన చోట మాత్రం కూర్చోకముందే జాకెట్ తొడుక్కోండి. కొత్త బూట్లయితే కనీసం రెండు వారాలు ఊళ్లోనే తిరిగి కాలికి అలవాటు చేసుకోండి. అదనపు ఉన్ని మేజోళ్ల జత ఒకటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి.

చిత్తడినేలలు కూడా చూడాలని రాశావు. తైవస్కెరో దారిలో రాళ్లదే రాజ్యం. కాబట్టి ముందు రోజు, పల్లాస్ కొండలున్న జాతీయ పార్కులోనే ఉల్లాస్ కొండ వైపున్న వర్కాన్‌కురు దారిలో కాసేపు నడిచి రండి. పాత స్ప్రూస్ అడవి, వాగు, చిత్తడి మూడూ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి, చెక్క పలకల మీద నడవడం కాలికి పట్టుబడుతుంది. బూడిద రంగుకు తిరిగిన ఆ పలకల మీద వాన పడితే నూనె రాసినట్లు జారుతుంది. రాలిన బర్చ్ ఆకు తడిసి అంటుకున్న చోట ఇంకా ప్రమాదం. పాదం మొత్తం పలక మధ్యలో ఆనేలా, పొట్టి అడుగులతో నడవాలి. పలక కొస మీద కాలు వేస్తే రెండో కొస పైకి లేస్తుంది. ఎదురుగా ఎవరైనా వస్తుంటే పలకలు వెడల్పుగా ఉన్న చోట ఆగి దారి ఇవ్వండి, పక్కకు మాత్రం దిగవద్దు. తెల్లటి పత్తిగడ్డి కుచ్చులు, నిగనిగలాడే పచ్చటి నాచు చూసి అది గట్టి నేల అనుకుని అడుగు వేస్తే మోకాలి దాకా దిగిపోవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, ఆ నాచే చచ్చి పొరలు పొరలుగా పేరుకుని పీట్ అవుతుంది, అది ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరు మందమే పెరుగుతుంది. మీటరు లోతు పీట్ కింద వెయ్యేళ్ల కాలం ఉందన్నమాట. ఫోటో కోసం దాన్ని తొక్కడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

తిండి సంగతికి వస్తే, పులిహోర డబ్బాలు కట్టుకుంటామని రాశావు. చలికి అన్నం బిరుసెక్కి గొంతు దిగదు. చపాతీల్లో వేరుసెనగ పొడి, కొంచెం నెయ్యి వేసి చుట్టుకెళ్లండి. వెడల్పు మూతి ఫ్లాస్కులో వేడి ఉప్మా కూడా బాగుంటుంది. నువ్వుల ఉండలు, ఖర్జూరాలు జేబులో ఉంచుకుని, ఆకలి వేయకముందే గంటకొకటి తినండి. దారి పక్క నేరేడు రంగు బిల్‌బెర్రీలు, ఎర్రటి లింగన్‌బెర్రీలు ఉంటాయి. వాటిని కోసుకునే హక్కు ఈ దేశంలో అందరికీ ఉంది, పార్కులో కూడా. బాగా తెలిసిన పండే తినండి.

నిప్పు వేయడానికి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. జాతీయ పార్కులో అందుకు కేటాయించిన చోట్లలోనే వేయాలి. అడవి అగ్ని హెచ్చరిక అమల్లో ఉన్న రోజుల్లో అక్కడ కూడా ఆరుబయట మంట కూడదు. ప్రభుత్వ అటవీ సంస్థ మెట్సాహల్లితుస్ గుడిసెల దగ్గర కట్టెలు ఉంచుతుంది. వాటిని సన్నగా చీల్చి, కట్టె మీద ఉన్న బర్చ్ బెరడునే రాజేసుకోండి, నిలబడ్డ చెట్టు బెరడు ఎప్పుడూ ఒలవవద్దు. టీ కాగేంత మంట చాలు. వెళ్లేటప్పుడు మిగిలిన కట్టెలను వానకు తడవని చోట పెట్టండి. చెత్త, పండ్ల తొక్కలతో సహా, మీ సంచిలోనే తిరిగి రావాలి. గుడిసెలో సందర్శకుల పుస్తకం ఉంటే పేర్లు, తేదీ, ఎటు వెళ్తున్నారో రాయండి. మీరు తప్పిపోతే వెతికేవాళ్లకు అదే మొదటి ఆధారం.

రెయిండీర్లు తప్పక ఎదురవుతాయి. అవి అడవి జంతువులు కావు, ప్రతిదానికీ యజమాని ఉంటాడు. ఉన్న చోట నిలబడి వాటిని దాటిపోనివ్వండి, వెంటబడి ఫోటోలు తీయవద్దు.

పైన ఉండగా పొగమంచు కమ్మితే అడ్డదారిన కిందికి దిగే ప్రయత్నం చేయవద్దు. అన్ని వైపులా ఒకేలా కనిపిస్తుంది, మీరు దిగే వైపు మరో లోయ కావచ్చు. నలుగురూ ఒకచోట చేరి, కడపట చూసిన దారి గుర్తు దగ్గరకు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి ఒక్కో గుర్తునూ కనుక్కుంటూ రండి. ముందు గుర్తు కనబడకపోతే వెచ్చగా కప్పుకుని కాసేపు ఆగండి. ఫోన్లో ‘112 సుఓమి’ ఆప్ ఇప్పుడే పెట్టుకోండి, దాని ద్వారా పిలిస్తే మీరున్న చోటు సహాయ కేంద్రానికి తెలుస్తుంది. కానీ చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, లోయల్లో సిగ్నల్ అందకపోవచ్చు. అందుకని ఫోను లోపలి జేబులో ఒంటికి దగ్గరగా ఉండాలి, కాగితం పటం ఒకటి చేతిలో ఉండాలి. దాన్ని చూడటం మీలో కనీసం ఇద్దరికి రావాలి.

బయలుదేరే రోజు ఉదయం అక్కడి సందర్శక కేంద్రంలో గాలి, వాన సంగతి అడిగి, మీరు వెళ్లే దారి, తిరిగి వచ్చే వేళ నాకు రాసి పంపు. సాయంత్రం ఆరింటి వరకు కబురు రాకపోతే నేను ఫోన్ చేస్తాను, నువ్వు ఎత్తకపోతే 112కు చేస్తాను. కాబట్టి కారు దగ్గరకు రాగానే, బూట్లు విప్పకముందే, ‘వచ్చేశాం’ అని ఒక్క ముక్క పంపడం మరచిపోవద్దు తల్లీ.

ఆశీస్సులతో,
పెద్దమ్మ