బెడ్ ఫ్రీనే, మరి తిరుగు టికెట్?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలు విదేశాల్లో బ్యాక్‌ప్యాకర్ హాస్టళ్లలో వాలంటీరుగా ఉండాలనుకుంటున్నాను. రోజుకు నాలుగైదు గంటలు రిసెప్షన్‌లోనో హౌస్‌కీపింగ్‌లోనో పని చేస్తే డార్మ్‌లో బెడ్, బ్రేక్‌ఫాస్ట్ ఇస్తారు. వియత్నాం, పోర్చుగల్, న్యూజిలాండ్ అనుకుంటున్నాను. ఖర్చుల షీట్ జత చేశాను. నా దగ్గరున్న పొదుపు మూడు నెలల ఖర్చులకు వస్తుంది. మిగతా దానికి రాజీనామా చేసేలోపే పర్సనల్ లోన్ తీసుకుంటాను. బస ఖర్చు ఉండదు కాబట్టి ఈఎంఐ భారం కాదనుకుంటున్నాను. హెల్త్ పాలసీ అక్కడ పనికిరాదు కదా, ఈ ఏడాది రెన్యువల్ ఆపేద్దామని ఉంది. డబ్బు పరంగా ఏ దేశం మంచిది?

జవాబు: మీ షీట్ మొత్తం చూశాను. కష్టపడి తయారు చేశారు. మూడు దేశాలకూ డార్మ్ బెడ్ ధర, సిమ్ కార్డు, బస్సు పాసు, ఏ నెలలో వర్షాలు, ఆఖరికి వైఫై స్పీడు కూడా రాశారు. అడుగున ‘ఇతరాలు’ అని ఒక వరుస, దాని కింద ‘లోన్’ అని ఇంకో వరుస ఉన్నాయి. ఇతరాలకు మీరు వేసుకున్నది సిమ్ కార్డుకు వేసిన దానికి సరిగ్గా రెట్టింపు. అత్యవసర నిధి అన్న మాట ఎక్కడా కనిపించలేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. దేశాల పేర్లు మారుతుంటాయి కానీ అత్యవసర నిధి వరుస మాత్రం ఎవరి షీట్‌లోనూ ఉండదు. మీ ఒక్కరికే రాసి ఊరుకోకుండా అందరికీ కలిపి జవాబివ్వడానికి కారణం అదే.

ముందు లోన్ సంగతి. తీసుకోకండి. బస ఫ్రీ కాబట్టి ఈఎంఐ కట్టగలనని రాశారు. బస ఫ్రీ అయితే ఒక ఖర్చు తగ్గుతుంది, అంతేగానీ చేతికి ఆదాయం రాదు. ఎనిమిది నెలలూ మీకు జీతం ఉండదు. మరి ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారు? అదే లోన్ డబ్బులోంచి. అప్పు తెచ్చి, ఆ అప్పులోంచే దాని వాయిదాలు కట్టి, పైన వడ్డీ సమర్పించుకుంటారన్నమాట. తిరిగొచ్చేసరికి డబ్బు అయిపోతుంది, వాయిదాలు మిగిలి ఉంటాయి, ఉద్యోగం ఇంకా వెతుక్కుంటూ ఉంటారు. ‘రాజీనామా చేసేలోపే’ అన్న మాట దగ్గర నాకు నిజంగా చిరాకేసింది. జీతం ఆగిపోతుందని తెలిస్తే బ్యాంకు ఇవ్వదని మీకు తెలుసు. బ్యాంకుకు నచ్చని రిస్కు మీకెలా నచ్చింది?

లోన్ డబ్బు ఖాతాలో చూపించి వీసా తెచ్చుకోవచ్చన్న ఆలోచన కూడా ఉంటే అదీ మానేయండి. స్టేట్‌మెంట్‌లో ఉన్నట్టుండి పెద్ద మొత్తం పడితే ఎక్కడిదని అడుగుతారు. క్రెడిట్ కార్డు ఉంది కదా అంటారేమో. కార్డు మీద ఏటీఎంలో డబ్బు తీస్తే సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డును నిధి అనుకోవద్దు, అదీ అప్పే.

ఇక ఆ ఫ్రీ బెడ్ ఎంత గట్టిదో చూద్దాం. నా క్లయింట్ ఒకరు ఇలాగే ఒక హాస్టల్‌లో రెండు నెలలకు కుదిరారు. పదిహేడో రోజు సాయంత్రం షిఫ్టు ముగిశాక మేనేజరు పిలిచి, ఓ పెద్ద గ్రూప్ బుకింగ్ వచ్చింది, బెడ్లన్నీ కావాలి, రేపు పదకొండుకల్లా ఖాళీ చేయమన్నాడు. అరవడానికి ఒప్పందం లేదు, నోటీసు పీరియడ్ లేదు, రావలసిన జీతమూ లేదు. అదే హాస్టల్‌లో ఆ రాత్రికి బెడ్ కొనుక్కుందామంటే అదీ లేదు. పక్క వీధిలో సింగిల్ రూమ్ తీసుకుని నాలుగు రాత్రులున్నారు, కొత్త చోటు దొరక్క టికెట్ కొనుక్కుని ఇంటికొచ్చేశారు. రెండు నెలల బస మీద మిగుల్తుందనుకున్న డబ్బు ఆ నాలుగు రాత్రులకు, ఆ ఒక్క టికెట్‌కు చాలలేదు. మేనేజరుది తప్పా అంటే ఏమో గానీ, ఈ పద్ధతి నడిచేదే అలా. వర్కవే 2002 నుంచి ఉంది, వరల్డ్‌ప్యాకర్స్ 2014లో వచ్చింది. ఇవి మిమ్మల్నీ హాస్టల్‌నూ కలిపే వేదికలు. మీ యజమానులు కావు.

అందుకే దేశాన్ని ఎంచుకోవడానికి నేను వాడే కొలత వేరు. ఎక్కడ ఎంత మిగుల్తుందని చూడను. బెడ్ పోయిన రోజు అక్కడి నుంచి బయటపడటానికి ఎంత కావాలో చూస్తాను.

ఆ మొత్తం మీరే లెక్కేయండి. ఒక విమాన టికెట్ల సైట్ తెరిచి, ఆ దేశం నుంచి మీ ఊరికి ఎల్లుండి బయల్దేరే వన్ వే టికెట్ ఎంతో చూడండి. మూడు నెలల తర్వాతి టికెట్ చవగ్గా కనిపిస్తుంది, దాని జోలికి పోకండి. అత్యవసరం మూడు నెలల ముందు చెప్పి రాదు. ఈ రోజు చూడండి, సెలవుల సీజన్‌లో ఓ తేదీకి కూడా చూడండి, రెంటిలో పెద్దది రాసుకోండి. దానికి 21 రాత్రులు డబ్బు పెట్టి ఉండే గది, తిండి ఖర్చు కలపండి. జ్వరమొచ్చినప్పుడు పన్నెండు మంది ఉండే డార్మ్‌లో పడుకోలేరు కాబట్టి గది అంటున్నాను. ఆసుపత్రిలో మొదటి రోజు చేతి నుంచి కట్టాల్సింది కలపండి. ఇన్సూరెన్స్ ఉన్నా చిన్న వైద్యానికి చాలాసార్లు ముందు మనమే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. ఇదంతా దారి నిధి. తిరిగొచ్చాక ఉద్యోగం దొరికేదాకా మూడు నెలల ఇంటి ఖర్చు వేరు, అది ఇంటి నిధి. ఈ రెండూ వేర్వేరు ఖాతాల్లో ఉండాలి. ఒకే ఖాతాలో ఉంటే ఐదో నెలలో దీనిలోంచి స్కూబా డైవింగ్ కోర్సుకు కట్టేస్తారు. కట్టినవాళ్లను చూశాను.

మీ పొదుపు మూడు నెలల ఖర్చులకే వస్తుందన్నారు. అంటే అది ఇంటి నిధికి సరిపోయింది. ప్రయాణానికి ఇంకా ఒక్క పైసా లేదు.

ఇంకో లెక్క కూడా చేయండి. వర్కవేలో మామూలుగా చెప్పే కొలత రోజుకు ఐదు గంటలు, వారానికి ఐదు రోజులు. నెలకు సుమారు 100 గంటలు. అక్కడి డార్మ్ బెడ్ నెల ఖర్చును 100తో భాగిస్తే మీ గంటకు వస్తున్నదెంతో తెలుస్తుంది. చవక దేశంలో బెడ్డే చవక కాబట్టి ఆ అంకె చాలా చిన్నది. ఖరీదైన దేశంలో అంకె బాగుంటుంది కానీ తిండి, బస్సు, డాక్టరు అన్నీ ఆ ధరల్లోనే ఉంటాయి, దారి నిధి పెరిగిపోతుంది. పైగా అక్కడ వీసా నిబంధనలు బిగుతుగా ఉంటాయి.

వీసా దగ్గర మీ ముగ్గురు అభ్యర్థులూ తడబడుతున్నారు. న్యూజిలాండ్‌లో బస కోసం చేసే పని కూడా పనే. జీతం లేదన్నది అక్కడ చెల్లదు, విజిటర్ వీసా మీద చేయకూడదు. విజిటర్లు నెలకు 1,000 న్యూజిలాండ్ డాలర్లు చూపించాలి, బసకు ముందే కట్టేసి ఉంటే 400. మీ ప్లాన్‌లో బస కట్టింది కాదు, పని చేసి తెచ్చుకునేది. ఆ మాట ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అనగలరా? పోర్చుగల్‌లో నాలుగు నెలలు అని వేశారు. పోర్చుగల్ ఉన్న షెంజెన్ అనే ఉమ్మడి వీసా ప్రాంతంలో షార్ట్ స్టే అంటే ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులే, అదీ 29 దేశాలకూ కలిపి. మధ్యలో స్పెయిన్ వెళ్లొస్తే లెక్క మళ్లీ మొదలవదు. అది కూడా పని చేయడానికిచ్చే వీసా కాదు. వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు, చేతికి రావడం తేలిక. కానీ టూరిస్టు వీసా అక్కడా టూరిస్టు వీసానే.

అందరూ ఇలాగే చేస్తున్నారు కదా అంటారు. చేస్తున్నారు. దొరికినప్పుడు వెనక్కి పంపించేది మాత్రం ఆ ఒక్కరినే, ఆ రోజు టికెట్ ధరకి. మళ్లీ దారి నిధి దగ్గరికే వచ్చాం. చట్టబద్ధంగా వెళ్లాలంటే మీ పాస్‌పోర్టుకు ఏ దేశంతోనైనా వర్కింగ్ హాలిడే ఒప్పందం (యువత కొంతకాలం ఉంటూ పని కూడా చేసుకునే వీసా కోసం) ఉందేమో చూడండి. చాలా దేశాల్లో వయసు 18 నుంచి 30 లోపు, కొన్నిటికి 35 దాకా ఉంటుంది. మీకు 28 కాబట్టి ఓ ఏడాది ఆగి డబ్బు కూడబెట్టినా దారి మూసుకుపోదు. దొరికితే జీతమొచ్చే పని కూడా చేసుకోవచ్చు, బెడ్ కోసం మేనేజరు దయ మీద ఉండక్కర్లేదు. అది కుదరకపోతే హాస్టల్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ‘మీ దగ్గర ఇంతకు ముందున్న వాలంటీర్లు ఏ వీసా మీద వచ్చారు?’ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ‘టూరిస్ట్ అని చెప్పు చాలు, ఏం టెన్షన్ పడకు’ అని వస్తే ఆ హాస్టల్‌ను వదిలేయండి.

పాలసీ రెన్యువల్ ఆపొద్దు. గడువు దాటి పాలసీ ల్యాప్స్ అయితే మళ్లీ తీసుకున్నప్పుడు వెయిటింగ్ పీరియడ్లు (కొన్ని జబ్బులకు కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) మొదటి నుంచి లెక్కలోకొస్తాయి. ఎనిమిది నెలల తర్వాత కంపెనీ కవర్ లేకుండా, ఏ కాలో విరగ్గొట్టుకుని దిగితే మిమ్మల్ని చూసేది ఆ పాలసీయే. దానికి తోడు ట్రావెల్ ఇన్సూరెన్స్ మొత్తం కాలానికీ బయల్దేరే ముందే తీసుకోండి. వెళ్లాక పొడిగించడం అన్ని పాలసీల్లోనూ కుదరదు. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య కవర్ తప్పనిసరి. ఆ కనీసంతోనే సరిపెట్టుకోవద్దు. పాలసీ కాగితాల్లో మినహాయింపుల పేజీ ఒక్కటి పూర్తిగా చదవండి. చాలా పాలసీలు పని చేస్తుండగా తగిలిన దెబ్బలకు, ముఖ్యంగా శారీరక శ్రమకు, కవర్ ఇవ్వవు. బంక్ బెడ్ పై అంతస్తు దుప్పట్లు మారుస్తూ మీరు జారిపడితే అది ప్రయాణమా, పనా? క్లెయిమ్ ఆఫీసరు అడిగే మొదటి ప్రశ్న అదే. వాలంటరీ పని కవరవుతుందా అని కంపెనీకి ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

వియత్నాంలో బైకు అద్దెకు తీసుకుంటానని షీట్‌లో వేశారు. అక్కడ రోడ్డు ట్రాఫిక్ మీద దేశాలు చేసుకున్న 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌నే గుర్తిస్తారు, 1949 ఒప్పందం కింద ఇచ్చింది చెల్లదు. చెల్లని లైసెన్స్‌తో నడిపి పడితే ఇన్సూరెన్స్ కూడా చెల్లదనే అనుకోండి. బస్సెక్కండి.

ఫారెక్స్ కార్డా (విదేశీ కరెన్సీ ముందే నింపుకునేది), డెబిట్ కార్డా అన్న సందేహం కూడా ఉంటుంది. రెండూ ఉంచుకోండి, వేర్వేరు బ్యాగుల్లో. విదేశంలో ఏటీఎం గానీ కార్డు మెషీన్ గానీ ఏ కరెన్సీలో తీసుకోవాలని అడిగితే అక్కడి కరెన్సీయే నొక్కండి. వెళ్లే ముందు ఉన్న పొదుపును షేర్లలో పెట్టి పెంచుదామన్న ఆలోచన ఉంటే, ఈ ఏడాదికి వద్దు.

ఇక ఏ దేశమంటే, పైన చెప్పిన దారి నిధిని మూడు దేశాలకూ వేసి చూడండి. మీకు చట్టబద్ధమైన వీసా దొరికే దేశాల్లో ఆ మొత్తం ఎక్కడ తక్కువైతే అదే మీ మొదటి దేశం. ఎనిమిది నెలలు కాకుండా మూడు నెలలకే వెళ్లండి. షీట్‌లో ‘లోన్’ వరుస కొట్టేసి, అక్కడ ‘ఎల్లుండి టికెట్’ అని రాసి, అంకె నింపి నాకు మళ్లీ పంపండి. అప్పుడు నెలకు ఎంత దాస్తే ఎప్పటికి బయల్దేరవచ్చో లెక్కేద్దాం.