ఏఎన్ఏ పరీక్ష పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?

కాదు. లూపస్ అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే వ్యాధి. మన కణకేంద్రకంలోని పదార్థాలను పట్టుకునే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది.

శరీరంలో నిత్యం చనిపోయే కణాల డీఎన్ఏ, ఆర్ఎన్ఏ శకలాలను ఎంజైములు, భక్షక కణాలు ఎప్పటికప్పుడు తొలగిస్తుంటాయి. లూపస్‌లో ఈ తొలగింపు మందగించడం వల్ల మిగిలిపోయిన శకలాలను, మామూలుగా వైరస్‌ల ఆర్ఎన్ఏను, సూక్ష్మజీవుల డీఎన్ఏను పసిగట్టే టీఎల్ఆర్7, టీఎల్ఆర్9 అనే గ్రాహకాలు శత్రువులుగా పొరబడి, సొంత పదార్థం మీదే యాంటీబాడీలు తయారయ్యేలా బి కణాలను ప్రేరేపిస్తాయి. ఆర్ఎన్ఏకు సంబంధించినవిగా చెప్పే స్మిత్, రో యాంటీబాడీలు మాత్రం నిజానికి ఆర్ఎన్ఏను అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్లను పట్టుకుంటాయి.

ఈ యాంటీబాడీలు చేసే హానికి ఉదాహరణగా మూత్రపిండాలనే తీసుకోండి. రెండు పోగుల డీఎన్ఏను పట్టుకునే యాంటీబాడీలు అక్కడి సూక్ష్మ వడపోత పొరల్లో పేరుకుని కాంప్లిమెంట్ ప్రొటీన్లను (సూక్ష్మజీవులపై దాడికి తోడ్పడే రక్తంలోని ప్రొటీన్లు) రెచ్చగొట్టడంతో వాపు వస్తుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, రక్తంలో సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు తగ్గుతాయి.

చాలామంది రిపోర్టులో పాజిటివ్ అన్న మాట చూడగానే బెంబేలెత్తిపోతారు. రక్తాన్ని 1:40 మేరకు పలుచన చేసి చూస్తే ఆరోగ్యవంతుల్లోనూ సుమారు 30 శాతం మందికి, 1:160 వద్ద దాదాపు 5 శాతం మందికి ఏఎన్ఏ పాజిటివ్ వస్తుంది. కీళ్ల వాపు, ముఖంపై దద్దుర్లు, మూత్రంలో ప్రొటీన్ వంటి లక్షణాలేవీ లేకపోతే ఆ ఫలితం ఒక్కటే వ్యాధి కాదు. లూపస్ నిర్ధారణ అయినవారికి కూడా ఏఎన్ఏను పదేపదే చేయించడం వల్ల ప్రయోజనం ఉండదు. వ్యాధి తీవ్రతను గమనించడానికి రెండు పోగుల డీఎన్ఏ యాంటీబాడీ, సీ3, సీ4, మూత్ర పరీక్షలే ఉపయోగపడతాయి.