వెనక గుమ్మం మరిచిపోకు

చి. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మూడు రోజుల సెలవులో యార్క్ ఊరు, చాట్స్‌వర్త్, హార్డ్‌విక్, కెడిల్‌స్టన్ అనే పాత జమీందారీ భవంతులు, స్టౌర్‌హెడ్ తోట అన్నీ చూసేస్తానని రాశావు. చదివి నవ్వుకున్నాను. ఇంగ్లండు వచ్చిన కొత్తలో నేనూ అలాగే తిరిగాను. ఒకసారి ఒకే రోజు మూడు భవంతులు చూసి వచ్చి పడుకుంటే, ఏ పడకగది ఏ ఇంటిదో గుర్తు రాలేదు. బంగారు పూత చట్రాలు, పట్టు గోడలు, దీపాల గుత్తులు అన్నీ కలిసి ఒకే ముద్ద అయిపోయాయి.

ముందు స్టౌర్‌హెడ్ కొట్టెయ్యి. తోట గొప్పదే కానీ, అది ఎక్కడో దక్షిణాన విల్ట్‌షైర్‌లో ఉంది. దానికి వేరే సెలవు పెట్టుకో. యార్క్‌కు ఒక రోజు, చాట్స్‌వర్త్‌కు ఒక రోజు, మిగిలిన రోజు హార్డ్‌వికో కెడిల్‌స్టనో ఏదో ఒకటే.

యార్క్‌లో పెందలాడే కోటగోడ ఎక్కు, టికెట్టు లేదు. ఆ ఊళ్ళో వీధిని ‘గేట్’ అంటారు, కోట ద్వారాన్ని ‘బార్’ అంటారు. వీధికి ఆ పేరు వైకింగుల భాష నుంచి వచ్చింది. ఇది తెలియక మొదటిరోజు నేను లేని ద్వారాల కోసం గంటసేపు వెతికాను. షాంబుల్స్ వీధిలో అందరూ తలలెత్తి, ముందుకు వాలిన పై అంతస్తులను ఫొటో తీస్తుంటారు. నువ్వు కిటికీల కింద చూడు. వెడల్పాటి చెక్క అరుగులు ఉంటాయి. అది కసాయి వీధి. మాంసం పరిచింది వాటి మీదే.

భవంతుల విషయంలో నేను చెప్పేది ఒక్కటే. అందరూ ముందు గుమ్మం నుంచి లోపలికి వెళ్ళి, పెద్ద హాలు చూసి అలసిపోయి, వంటింటి దాకా వచ్చేసరికి టీ కోసం పరిగెత్తుతారు. వెనకవైపు తెరిచి ఉంటే నువ్వు అక్కడే మొదలుపెట్టు. పనివాళ్ళు నడిచిన నడవలో గోడ మీద వరసగా గంటలుంటాయి, ఒక్కో గదికి ఒకటి. గంట ఒక చుట్టల స్ప్రింగు మీద వేలాడుతుంది. మోత ఆగిపోయినా స్ప్రింగు కాసేపు ఊగుతూనే ఉంటుంది. చేతిలో పని వదిలి పరుగున వచ్చిన పనిమనిషికి ఏ గది పిలిచిందో తెలియాలి కదా! అది చూశాక మేడ మీద పట్టు సోఫా పక్కన వేలాడే గంట తాడు నీకు వేరేలా కనిపిస్తుంది.

గదికొకరు చొప్పున జీతం తీసుకోని వాలంటీర్లు కూర్చుంటారు. వాళ్ళను ‘ఇది ఏ శతాబ్దం?’ అని అడిగితే కాగితంలో ఉన్నదే చెబుతారు. ‘ఈ గదిలో దుమ్ము దులపడానికి అన్నిటికన్నా కష్టమైనది ఏది?’ అని అడిగి చూడు, ముఖం వికసిస్తుంది. కుర్చీలో పైన్ కాయ పెట్టి ఉంటే కూర్చోవద్దని అర్థం. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది.

ఇక రెండిట్లో ఏది అంటావా? హార్డ్‌విక్‌ను 1590లలో ఒక ఘటికురాలు కట్టించింది. పేరు బెస్. నలుగురు భర్తలను చేసుకుని, ఒక్కో పెళ్ళితో ఒక్కో మెట్టెక్కింది. గాజు మహా ఖరీదైన ఆ రోజుల్లో ‘గోడల కన్నా గాజే ఎక్కువ’ అనిపించుకున్న ఇల్లు అది. బురుజుల మీద తన పేరు అక్షరాలను రాతిలో చెక్కించి ఆకాశానికెత్తింది. తమాషా ఏమిటంటే, గోడలకు వేలాడే పాత అల్లిక బొమ్మల బట్టలు వెలిసిపోకుండా ఇప్పుడు ఆ కిటికీలకు తెరలు దించి ఉంచుతారు. లోపలికి వెళ్ళగానే చీకటిగా ఉందని బయటికి వచ్చెయ్యకు. కాసేపు నిలబడితే కళ్ళు అలవాటు పడతాయి.

కెడిల్‌స్టన్ వేరే సంగతి. వైస్రాయి కర్జన్ పుట్టిన ఇల్లు. కలకత్తాలో గవర్నరు భవనం కట్టినప్పుడు దీన్నే నమూనాగా తీసుకున్నారు. అంటే ఆయన మన దేశాన్ని ఏలింది తన ఇంటి నకలులో కూర్చుని! కింది అంతస్తులో ఆయన ఆసియా నుంచి తెచ్చిన వస్తువులున్నాయి. పాలరాతి హాలు చూసి మురిసిపోయి, ఆ గదిలోకి వచ్చేసరికి నా మనసు చివుక్కుమంది. నీకూ అలాగే అనిపిస్తే అణుచుకోనక్కర్లేదు. నన్నడిగితే ఈసారికి కెడిల్‌స్టనే.

చాట్స్‌వర్త్‌లో లోపల గంటన్నర చాలు, మిగతా పొద్దంతా తోటలో ఉండు. అక్కడి తోటమాలి పాక్స్‌టన్ తర్వాత లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గాజు భవనానికి రూపకల్పన చేశాడు. మనం రోజూ తినే కావెండిష్ అరటికి ఆ పేరు ఈ ఇంటి వాళ్ళదే, ఇక్కడి గాజు ఇంట్లో పెంచినందుకు. రష్యా జార్ వస్తాడని 1844లో పెద్ద ఫౌంటెన్ కట్టారు. కొండ మీద చెరువు తవ్వి, పంపు లేకుండా నీటి బరువుతోనే ఎగిసేలా చేశారు. జార్ రానే లేదు. దగ్గర్లోనే ఎడెన్సర్ అనే ఊరుంది, అదీ చూడు. భవంతి నుంచి కనిపిస్తోందని ఆ ఇంటి యజమానులైన డ్యూకులు పాత ఇళ్ళు తీసేయించి ఊరినే పక్కకు జరిపించారు.

కెడిల్‌స్టన్ పాత ఇళ్ళను కాపాడే నేషనల్ ట్రస్టు సంస్థది, చాట్స్‌వర్త్ కాదు. ఒకచోటి సభ్యత్వ కార్డు ఇంకోచోట చెల్లదు. ఇల్లు ఏ రోజుల్లో తెరుస్తారో కూడా ముందే చూసుకో. తోట తెరిచి ఇల్లు మూసి ఉండే రోజులుంటాయి. అన్నిటికన్నా ముందు చివరి బస్సు సంగతి. ఆదివారం పల్లెల్లో కొన్ని దారుల్లో బస్సే ఉండదు. నేను తోటలో గులాబీల దగ్గర మైమరచి, వానలో నాలుగు మైళ్ళు నడిచి స్టేషను చేరాను. చెప్పులు అక్కడే పారేశాను. మంచి బూట్లు వేసుకు వెళ్ళు.

పెద్దమ్మ